రెండు బుకింగుల మధ్య

బుధవారం

యాప్‌లో బుక్ చేసుకున్న ఆడవాళ్ల ఇళ్లకి వెళ్లి వాక్సింగ్, ఫేషియల్ లాంటివి చేయడం నా పని. నిన్న పెద్దగా పని లేదు. మంగళవారం గోళ్లు తీయకూడదు, జుట్టు కత్తిరించకూడదు అనే పట్టింపు మన ఇళ్లలో ఇంకా పోలేదు. యాప్‌లో ఎన్ని ఆఫర్లు పెట్టినా ఆ రోజు ఫోన్ మోగడం తక్కువే. పైగా ఆషాఢం, పెళ్లిళ్లు లేవు. పార్లర్‌లో చేసినప్పుడు ఆషాఢమైనా శ్రావణమైనా ఒకటో తారీఖుకి అదే జీతం. ఇప్పుడు చిట్టీ కట్టాలంటే ముందు క్యాలెండర్‌లో పంచాంగం చూసుకోవాల్సి వస్తోంది.

ఇవాళ పొద్దున తొమ్మిదిన్నరకి మియాపూర్‌లో వాక్సింగ్. మూసాపేట నుంచి మెట్రో ఎక్కాను. సిటీ బస్సు ఆడవాళ్లకి ఫ్రీ కదా, మెట్రోకి డబ్బులు తగలేయడం ఎందుకని అత్తమ్మ రోజూ అడుగుతుంది. 2023 డిసెంబరులో మహాలక్ష్మి పథకం వచ్చినప్పటి నుంచి ఆధార్ చూపిస్తే జీరో టికెట్ కొడుతున్నారు, నిజమే. కానీ ఆఫీసుల టైంలో ఆ బస్సులో నిలబడటానికే చోటు ఉండదు. నా బ్యాగులో వాక్స్ హీటర్, క్రీముల డబ్బాలు, టవళ్లు, షీట్లు, అన్నం బాక్సు. అది భుజాన వేసుకుని, ఇంకో చేత్తో కమ్మీ పట్టుకుని మియాపూర్ దాకా వెళ్తే దిగేసరికి చెయ్యి వణుకుతుంది. వాక్సింగ్‌లో స్ట్రిప్ ఒక్క గుంజుకి రావాలి. చేతిలో బలం లేకపోతే సగమే వస్తుంది, అదే చోట మళ్లీ లాగాలి, మేడమ్ కెవ్వుమంటుంది, సాయంత్రానికి రేటింగ్ పడిపోతుంది. అందుకే వెళ్లేటప్పుడు మెట్రో, వచ్చేటప్పుడు బస్సు. పని అయిపోయాక చెయ్యి వణికితే వణకనీ.

యాప్‌లో అది గంట సర్వీసు. నా నోటుబుక్కులో మాత్రం ఇంట్లోంచి బయల్దేరింది 8:30, బ్యాగు సర్దుకుని కిందికి దిగింది 11:10. గేటు దగ్గర పేరు, ఫోన్ నంబరు రాయడం, వాచ్‌మన్ అన్న పైకి ఫోన్ చేసి అడగడం, సర్వీస్ లిఫ్ట్ కోసం నిలబడటం, హీటర్‌లో వాక్స్ కరగడం, పని అయ్యాక స్ట్రిప్పులన్నీ కవర్లో మూటగట్టి నేల తుడవడం. వీటిలో ఏ ఒక్కదానికీ డబ్బులు రావు. ఈ లెక్క రాయడం మొదలుపెట్టాక ఏ బుకింగ్ తీసుకోవాలో తేల్చుకోవడం సులువైంది. యాప్‌లో కనిపించే రేటు కాదు, ఇల్లు వదిలినప్పటి నుంచి తర్వాతి చోటుకి చేరేదాకా పట్టే టైం చూస్తాను.

తర్వాతి బుకింగ్ కేపీహెచ్‌బీలో, రెండింటికి. మధ్యలో దాదాపు మూడు గంటలు. అసలు అలసట ఇక్కడే వస్తుంది. ఇంటికి వెళ్లి రావడం దండగ. అపార్ట్‌మెంట్ లాబీలో కూర్చోనివ్వరు. టిఫిన్ సెంటర్‌లో ఒక టీకి ఎంతసేపని కూర్చుంటాం? ఇక బాత్రూం సంగతి. కొత్తగా చేరిన అమ్మాయిలు చాలామంది ఈ భయంతోనే పొద్దున్నుంచి నీళ్లు తాగరు, మధ్యాహ్నానికి తలనొప్పి. నాకు ఈ పని చూపించిన అక్క మొదటిరోజే చెప్పింది: "పని అవ్వగానే అడిగెయ్ పిల్లా, బ్యాగు సర్దకముందే. సర్దినాక అడిగితే వాళ్లకీ మొహమాటం, నీకూ మొహమాటం." ట్రైనింగ్‌లో రోజంతా చెప్పినవాటిలో ఈ ముక్క లేదు.

నా అదృష్టం, మా ఊరి వదిన ఒకామె కేపీహెచ్‌బీలో టైలరింగ్ షాపు పెట్టుకుంది. కటింగ్ టేబుల్ వెనక చాప వేసి ఉంటుంది. బాక్సు తిని కాసేపు నడుము వాల్చాను. తర్వాత ఎప్పటి నుంచో వాయిదా వేస్తున్న ఈ-శ్రమ్ (అసంఘటిత కార్మికుల పేర్లు నమోదు చేసే కేంద్ర ప్రభుత్వ పోర్టల్) రిజిస్ట్రేషన్ ఫోన్‌లోనే పూర్తి చేశాను. ఆధార్‌కి లింకైన నంబరుకి ఓటీపీ వచ్చింది, పన్నెండు అంకెల నంబరు ఇచ్చారు. వదిన అడిగింది, దీంతో ఏమొస్తదని. కార్మికుల కోసం చేసిన సామాజిక భద్రత కోడ్ అనే చట్టం 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది, అందులో మాలాంటివాళ్లని కూడా చేర్చారు, కంపెనీలు టర్నోవర్‌లో ఒకటి రెండు శాతం మా నిధికి కట్టాలి అని చెప్పాను. "మంచిదే, ఎప్పుడొస్తదో" అంది మిషన్ ఆపకుండా.

నిధి రానీ, కాదనను. నన్నడిగితే ముందు కూర్చోవడానికి ఒక గది, దానికో బాత్రూం కావాలి. చెన్నైలో 2025లో కార్పొరేషన్ వాళ్లు అన్నానగర్‌లో గిగ్ వర్కర్ల కోసం, అంటే మాలా యాప్‌ల మీద పని చేసేవాళ్ల కోసం, ఏసీ రెస్ట్ రూం కట్టారు. మెట్రో పిల్లర్ నంబర్లతో అడ్రసులు చెప్పుకునే మన ఊళ్లో, ఏదో ఒక పిల్లర్ పక్కన అలాంటిది కడితే ఎంతమంది వాడుకుంటారో! డెలివరీ పిల్లలు ఎండలో బండి మీదే పడుకుంటున్నారు.

రెండింటికి ఫేషియల్. మేడమ్ వాళ్ల అమ్మ తలుపు తీసింది, "కాఫీ తాగుతావా అమ్మాయ్" అని పనికి ముందే అడిగింది. ఫేషియల్ చేతులకి పని, పెడిక్యూర్ నడుముకి పని, థ్రెడింగ్ మెడకి పని. దారం పళ్లతో బిగబట్టి వంగితే ఐదు నిమిషాల పనైనా మెడ పట్టేస్తుంది. అందుకని ఒకే రోజు ఒకే రకం వరసగా పడకుండా వీలైనంత చూసుకుంటాను. అన్నిసార్లూ కుదరదు.

నాలుగుకి కిందికి దిగుతుంటే ఇంకొకటి మోగింది. బాచుపల్లి, ఐదున్నరకి, పెడిక్యూర్. డబ్బులు బాగున్నాయి. కానీ సాయంత్రం నిజాంపేట రోడ్డు ట్రాఫిక్‌లో అక్కడికి చేరి, నేల మీద కూర్చుని పని చేసి, మూసాపేట వచ్చేసరికి ఎనిమిదిన్నర దాటుతుంది. బాబు నిద్రకి పడతాడు, రేపు పొద్దున ఎర్రగడ్డలో వాక్సింగ్ ఉంది. వద్దని కొట్టేశాను. ఎక్కువసార్లు కాదంటే బుకింగులు తగ్గుతాయని అందరూ అంటారు. ఇప్పటికైతే వస్తున్నాయి.

బస్సులో సీటు దొరికింది. కూర్చుని, ఆరు తర్వాతి స్లాట్లు ఈ వారమంతా ఆపేశాను. రాత్రి ఫోన్‌లో అక్కకి చెబితే నవ్వింది: "ఆషాఢంలో ఎవరైనా ఆపుతరు. వరలక్ష్మీ వ్రతం ముందు వారం ఆపి చూపియ్."