ఆఫ్టర్‌ఓకే పెట్టినా నా జాబ్ ఆగలేదు

కంప్యూటర్ క్లస్టర్‌లో నేను నడిపే పనిలో మూడు జాబ్‌లు, అంటే క్యూలో పెట్టి నడిపించే స్క్రిప్టులు. మొదటిది డేటాను సరిచేస్తుంది, రెండోది సిమ్యులేషన్, మూడోది ఫలితాల నుంచి లెక్కలు తీస్తుంది. ఒకటి ముగిశాకే ఇంకోటి మొదలవ్వాలి. కొన్ని వారాలు రాత్రిళ్లు లేచి ఎస్‌క్యూ (జాబ్‌ల క్యూ చూపించే కమాండ్) చూసుకుంటూ, ఒకటి అయ్యాక ఇంకోటి చేత్తోనే పంపేవాణ్ణి.

క్లస్టర్‌లో జాబ్‌లను వరసగా నడిపించే సాఫ్ట్‌వేర్ స్లర్మ్. అందులో ఒక జాబ్ ఇంకోదాని కోసం ఆగేలా చేసే డిపెండెన్సీ ఆప్షన్ ఉందని తెలిశాక ప్రాణం లేచొచ్చింది. జాబ్ పంపే కమాండ్ ఎస్‌బ్యాచ్‌కి పార్సబుల్ అనే ఆప్షన్ ఇస్తే జాబ్ నంబర్ ఒక్కటే ఇస్తుంది. దాన్ని ఒక వేరియబుల్‌లో ఉంచుకుని, రెండో జాబ్‌కి ఆఫ్టర్‌ఓకే పక్కన ఇచ్చాను. ఆఫ్టర్‌ఓకే అంటే ముందు జాబ్ సక్రమంగా ముగిస్తేనే ఇది మొదలవ్వాలని. మూడోదానికీ అంతే. మూడూ ఒకేసారి పంపేసి పడుకున్నాను.

పొద్దున చూస్తే మూడూ కంప్లీటెడ్. ఫలితాలు మాత్రం చెత్త. రాత్రి డిస్క్ కోటా నిండిపోయి మొదటి జాబ్ సగం ఫైలే రాసింది. మరి రెండోది ఎందుకు ఆగలేదు? ముగిసిన జాబ్‌ల వివరాలిచ్చే ఎస్‌అకౌంట్‌లో చూస్తే మొదటి జాబ్ ఎగ్జిట్ కోడ్ సున్నా, అంటే అంతా సవ్యమేనని. స్క్రిప్టులో చివరి కమాండ్ ఏ కోడ్ ఇస్తే స్లర్మ్‌కి అదే జాబ్ ఫలితం. నా చివరి లైన్ ‘అయిపోయింది’ అని చూపించే ఎకో. అది మామూలుగా సున్నాయే ఇస్తుంది. పైగా ప్రోగ్రామ్ అవుట్‌పుట్‌ను పైప్‌తో టీ కమాండ్‌కి (తెరపైనా ఫైల్లోనూ రాసేది) పంపుతున్నాను, పైప్‌లో చివరి కమాండ్ కోడే లెక్క కాబట్టి, అక్కడా అసలు ప్రోగ్రామ్ కోడ్ మరుగున పడిపోతోంది. ఆఫ్టర్‌ఓకే తప్పేమీ లేదు, దానికి అందిన కబురే తప్పు. స్క్రిప్టు మొదట్లో సెట్ మైనస్ ఈ (ఏ కమాండ్ ఫెయిలైనా స్క్రిప్టు ఆగిపోతుంది), పైప్‌ఫెయిల్ (పైప్‌లో ఏది ఫెయిలైనా మొత్తం ఫెయిలే) రెండూ పెట్టాను.

తర్వాతోసారి మొదటి జాబ్ నిజంగానే ఫెయిలైంది. మిగతావి ఆగాయి కానీ క్యూలోంచి పోలేదు. కారణం దగ్గర ‘డిపెండెన్సీ నెవర్ శాటిస్‌ఫైడ్’ అని ఉంది. కిల్-ఆన్-ఇన్‌వాలిడ్-డెప్ ఆప్షన్‌కి ‘యెస్’ అని ఇస్తే అలాంటివి వాటంతటవే రద్దవుతాయి.

సిమ్యులేషన్‌ది ఇంకో చిక్కు. టైమ్ లిమిట్ దాటితే టైమౌట్ అవుతుంది, అప్పుడు ఆఫ్టర్‌ఓకే కుదరదు. అందుకే అదే స్క్రిప్టును మూడుసార్లు ఆఫ్టర్‌ఎనీతో (ముందుది ఎలా ముగిసినా సరే మొదలవుతుంది) వరసగా పెట్టాను. ప్రతిసారీ చివరి చెక్‌పాయింట్ (మధ్యలో దాచుకున్న స్థితి) నుంచి అందుకుంటుంది, పని ముందే పూర్తయి ఉంటే వెంటనే ముగుస్తుంది. లెక్కల జాబ్ మాత్రం మూడోదాని మీద ఆఫ్టర్‌ఓకేతోనే ఉంటుంది.

ఇప్పుడు కొత్త గొలుసు ఏది కట్టినా ముందు మొదటి స్క్రిప్టు మధ్యలో కావాలనే ఫాల్స్ కమాండ్ (ఎప్పుడూ ఫెయిలయ్యేది) పెట్టి, చిన్న డేటాతో పంపి చూస్తాను. మిగతావి ఆగాయని కళ్లతో చూశాకే ఆ లైన్ తీసేసి అసలు డేటా ఇస్తాను.