బావ ‘అండీ’ అన్న అధ్యాయం

విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో డికెన్స్ నవల ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ కనపడితే, బేరమాడే ముందు చివరి అధ్యాయం నంబరు చూడండి. 59 ఉంటే పూర్తి నవల. బాగా తక్కువుంటే పిల్లల కోసం కుదించింది. అందులో కథ ఉంటుంది, పిప్ అనే పిల్లాడి పసితనం ఎక్కడ పోయిందో మాత్రం దొరకదు. 1860-61లో వారం వారం వచ్చిన ఈ సీరియల్లో డికెన్స్ ఆ సంగతిని చిన్న చిన్న పనుల్లో పెట్టాడు. కత్తెర ముందు పడేది వాటిమీదే.

శ్మశానంలో ఖైదీ పట్టుకున్నప్పుడే పిప్ పసితనం పోయిందంటారు. అది ఉత్త భయం. మర్నాడు తెల్లవారకముందే ఆ ఖైదీ కోసం అక్క బ్రాందీ కొంత వొంపుకుని, తగ్గింది తెలియకుండా పక్క కూజాలోది పోసేస్తాడు. అది మంచినీళ్లు కాదు, మందుగా తాగించే తారు నీళ్లు. క్రిస్మస్ భోజనాల్లో చుట్టం ఒకాయన గుక్కెడు తాగి, గిలగిల్లాడుతూ వీధిలోకి పరిగెడతాడు. మనకి నవ్వు. పిల్లాడు బల్లకాలు గట్టిగా పట్టుకుని ఉంటాడు. తర్వాత జోకి కూడా చెప్పడు. పోయింది అక్కడ.

జో అంటే అక్క మొగుడు, మనకైతే బావ. ఇంగ్లీషులో పేరు పెట్టి పిలుస్తాడు కాబట్టి ఆ చనువు మనకి సగమే అందుతుంది. ‘బావా, నువ్వు’ అనుకుంటూ చదివితే 27వ అధ్యాయం చురుక్కుమంటుంది. దొరబాబుగా మారిన పిప్ లండన్ గదికి జో వస్తాడు, పెట్టిన టోపీ మాటిమాటికీ జారి పడుతుంటుంది, పిప్‌ని ‘సర్’ అంటాడు. అంటే బావ బామ్మర్దిని ‘అండీ’ అనడమే! డబ్బిచ్చి రాకుండా ఆపగలిగితే ఆపేవాణ్ణని పిప్పే ఒప్పుకుంటాడు.

‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ (1960) 15వ అధ్యాయంలో దీనికి తిరగేసి. లోపలున్నవాణ్ణి చంపడానికి జైలు ముందు చేరిన గుంపులో తెలిసినాయన్ని స్కౌట్ అనే చిన్నపిల్ల మర్యాదగా పలకరించి, వాళ్లబ్బాయి కబుర్లు చెబుతుంది. గుంపు వెనక్కి పోతుంది. తనేం చేసిందో ఆ పిల్లకి అప్పుడు తెలీదు.

డికెన్స్‌ని తెలుగు చేసేవాళ్లు జారేది ఆ శ్మశానం ఖైదీ దగ్గర. ఇంగ్లీషు ‘హీ’కి మనకి వాడు, అతను, ఆయన ఉన్నాయి. మర్యాద కదాని మొదట్లోనే ‘ఆయన’ అనేస్తే, 54వ అధ్యాయం చివర ముసలివాడైన ఆ ఖైదీ పిప్ చెయ్యి పట్టుకున్నప్పుడు మార్చడానికి మాటే మిగలదు.