మిగిలినవి ఎవరికి పెడతారు

పదకొండు దాటింది. చిన్నోడు పడుకున్నాడు, ఆయనకి ఈ వారమంతా నైట్ షిఫ్ట్. పొద్దున ఇవ్వాల్సిన అసైన్‌మెంట్‌లో ఒక్క మాట రాయాల్సిన చోటు ఇంకా ఖాళీగా ఉంది. దాన్ని పక్కన పెట్టి ఇది రాస్తున్నాను.

సాయంత్రం మా బ్యాచ్ అమ్మాయితో ఫోన్లో మాట్లాడుతూ, "మిగిలిన పిండాలని రాయనా, అదనపు పిండాలని రాయనా?" అని అడుగుతున్నాను. అత్తయ్య అప్పుడే దేవుడి దగ్గర దీపం పెడుతున్నారు. చేతిలో అగ్గిపుల్లతోనే వెనక్కి తిరిగారు. "దీపాలు పెట్టే వేళ ఇంట్లో ఆ మాటేంటమ్మా?" అన్నారు. చదువుకి సంబంధించింది అత్తయ్యా అన్నాను. "చదువైతే మాత్రం" అన్నారు, అంతే. ఆవిడ అంతకు మించి అనరు. రాత్రి అన్నం మాత్రం సరిగా తినలేదు.

అసైన్‌మెంట్ ఎథిక్స్ పేపర్‌ది. ఐవీఎఫ్‌కి, అంటే టెస్ట్ ట్యూబ్ బేబీ చికిత్సకి, వచ్చే దంపతులు సంతకం పెట్టే సమ్మతి పత్రాన్ని తెలుగులో రాయాలి. ఈ రెండేళ్ళ చదువులో నాకు బాగా నచ్చిన పని ఇదే, అందుకే ఆదివారమంతా కూర్చుని రాశాను. ఇంజెక్షన్లు, ఎగ్ పికప్ (అండాలు బయటికి తీయడం), మత్తుమందు, కవలలు పుట్టే అవకాశం, ఇవన్నీ సాఫీగానే వచ్చాయి. చివరి పేజీలో ఆగిపోయాను. ఇలాంటి చికిత్సల కోసం 2021లో చేసిన ఏఆర్‌టీ చట్టం 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. గడ్డకట్టించిన ఎంబ్రియోలను, అంటే ల్యాబ్‌లో అండం, వీర్యకణం కలిసి తయారైనవాటిని, 10 ఏళ్ళకు మించి ఉంచకూడదని, గడువు అయ్యాక నశించనివ్వాలని, లేదా దంపతులు ఒప్పుకుంటే నమోదైన పరిశోధన సంస్థకు ఇవ్వాలని అందులో ఉంది. ఫారంలో దీనికి రెండే గడులు, ఒకదానికి టిక్ పెట్టాలి.

నేను "ఎంబ్రియో" అని రాశాను. సార్ దాని కింద ఎర్రగీత గీసి "తెలుగు ఫారంలో తెలుగు మాట ఉండాలి, పిండం" అని రాసి పంపారు. స్కూల్లో మనందరం చదువుకున్న మాటే, తప్పేం కాదు. కానీ తెలుగు ఇంట్లో పుట్టినవాళ్ళెవరికైనా ఆ మాట వినగానే ముందు గుర్తొచ్చేది ఏమిటి? పదోరోజు, ఏటి ఒడ్డు, నువ్వులు కలిపిన అన్నం ముద్దలు, కాకి కోసం ఎదురుచూపులు. అదే సార్‌తో చెప్పబోయాను. "ఇంత చిన్న విషయానికి ఇంత చర్చ ఎందుకమ్మా, డిక్షనరీలో ఉన్న మాటే కదా" అన్నారు. మధ్యాహ్నం నుంచీ అదే గుచ్చుకుంటోంది.

నమూనాగా ఇచ్చిన ఫారం చూస్తే ఇంకా కోపం వచ్చింది. "ఘనీభవింపజేసిన సదరు పిండముల నిల్వ కాలపరిమితి ముగిసిన పిమ్మట..." సదరు! పొలం రిజిస్ట్రేషన్ దస్తావేజులో సదరు భూమి అన్నట్టు. పిల్లలు లేరని పన్నెండేళ్ళు ఏడ్చిన మనిషి చేతికి ఇచ్చే కాగితం ఇది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని ముక్కలు ముక్కలుగా తెలుగు లిపిలోకి దించారు. చదివితే అర్థమవుతుందా అని ఒక్కసారైనా పైకి చదివి చూసుకున్నట్టు లేదు. మా బ్యాచ్ అమ్మాయేమో, "ఎవరు చదువుతారే అది, సంతకం ఎక్కడో వేలు పెట్టి చూపిస్తే పెట్టేస్తారు" అంది. సార్ మాట కన్నా ఈ మాటే ఎక్కువ బాధపెట్టింది. అలా వేలు పెట్టి చూపించినవాళ్ళలో నేనూ ఉన్నాను.

మూడేళ్ళ కిందట, ఈ చదువులో చేరకముందు, ఒక ల్యాబ్‌లో చేసేదాన్ని. పేరు వద్దు. పల్నాడు వైపు నుంచి భార్యాభర్తలు వచ్చారు, వెంట అతని తల్లి. అయిదో రోజుకి నాలుగు మంచి ఎంబ్రియోలు వచ్చాయి. ఒకటి లోపల పెట్టి మూడు దాచాలి. దాచడానికి తీసుకోవాల్సిన సంతకం అంతకుముందే తీసుకోవాలి, ఎవరో మర్చిపోయారు. ట్రాన్స్‌ఫర్‌కి, అంటే ఆ ఒకటి గర్భసంచిలో పెట్టడానికి, పావుగంట ముందు కాగితం పట్టుకుని నన్ను పంపారు. ట్రాన్స్‌ఫర్ సంగతి తెలిసినవాళ్ళకి తెలుసు, స్కాన్‌లో గర్భసంచి బాగా కనబడాలని నీళ్ళు తాగించి బాత్రూంకి వెళ్ళనివ్వకుండా కూర్చోబెడతారు. ఆ అమ్మాయి కుర్చీ అంచున కూర్చుని పళ్ళు బిగబట్టుకుని ఉంది. భర్తకి చదువు అంతగా రాదు, కాగితం తల్లి చేతికి ఇచ్చాడు. ఆవిడ కళ్ళజోడు తీసి, ఒక్కో మాట కింద వేలు పెట్టుకుంటూ, పెదాలు కదుపుతూ చదువుతున్నారు. నాకు లోపలి నుంచి "అయిందా, అయిందా" అని పిలుపులు.

చివరి పేజీ దగ్గర ఆవిడ వేలు ఆగింది. "మిగిలిన పిండాలు ఎవరికి పెడతారమ్మా?" అని అడిగారు.

నాకు మొదట అర్థం కాలేదు. ఆవిడ భర్త అంతకుముందు కార్తీకంలోనే పోయారట. కృష్ణ ఒడ్డున కొడుకు పిండం పెడితే మిట్టమధ్యాహ్నం దాకా కాకి ముట్టలేదట. "కోడలు నీళ్ళోసుకోలేదనే దిగులుతో పోయాడు తల్లీ, అందుకే ముట్టలేదు. ఎట్టాగైనా పిల్లల్ని చూపిస్తామని నా కొడుకు నీళ్ళల్లో నిలబడి చెప్పాక అప్పుడు ముట్టింది" అన్నారు. ఆ మాట కోసమే పొలం తాకట్టు పెట్టి వచ్చారు. మళ్ళీ కాగితం చూసి, "పదేళ్ళు ఉంచి వదిలేస్తామని రాశారే, వదిలేస్తే వాటికి ఎవరు చేస్తారు?" అన్నారు.

"అది సైన్స్ మాట మామ్మగారూ. అవి మనుషులు కాదు, ఒట్టి కణాల ముద్ద. ఇదిగో ఇక్కడ సంతకం" అన్నాను. గడియారం చూస్తూ అన్నాను. ఆ అమ్మాయి నా చేతిలోంచి పెన్ను లాక్కుని, దేనికి టిక్ పెట్టిందో కూడా చూడకుండా సంతకం చేసి లోపలికి వెళ్ళింది. రెండు వారాలకి గర్భం వచ్చిందో లేదో చూసే బీటా పరీక్ష పాజిటివ్ వచ్చిందని విన్నాను. ఆ ముసలావిడకి నేను జవాబు చెప్పలేదన్న సంగతి మాత్రం పోలేదు. ఆ మూడూ ఇప్పటికీ ఏదో ట్యాంకులో మైనస్ 196 డిగ్రీల దగ్గర ఉండి ఉంటాయి.

ఇవాళ నా మనసు ముందే బరువుగా ఉంది, అదీ చెప్పాలి. పొద్దున క్లాసులో డాక్టర్ సుభాష్ ముఖర్జీ గురించి చెప్పారు. 1978లో ఇంగ్లండ్‌లో ప్రపంచంలోనే మొదటి టెస్ట్ ట్యూబ్ బేబీ లూయీ బ్రౌన్ పుట్టిన కొద్ది వారాలకే, అక్టోబరు 3న, కలకత్తాలో ఆయన చేతి మీదుగా దుర్గ పుట్టింది. అదీ గడ్డకట్టించి దాచిన ఎంబ్రియో నుంచి. ప్రభుత్వం వేసిన కమిటీ నమ్మలేదు. 1981 జూన్‌లో ఆయన ప్రాణం తీసుకున్నారు. 1986లో ముంబైలో పుట్టిన పాపే దేశంలో మొదటి టెస్ట్ ట్యూబ్ బేబీ అని అందరూ అనేవాళ్ళు. ఆ ఘనతలో సగం భాగం ఉన్న టి.సి. ఆనంద్ కుమార్, ముఖర్జీ రాసిపెట్టుకున్న కాగితాలు చదివి, ఆ పేరు తనది కాదు ముఖర్జీదే అని 1997లో ప్రచురించారు. ఎవరో ఒకరు శ్రద్ధగా చదివేసరికి పదహారేళ్ళు గడిచిపోయాయి.

మధ్యాహ్నం ల్యాబ్‌లో, కరిగించిన అయిదో రోజు ఎంబ్రియో ముడుచుకున్నది రెండు గంటల్లో మళ్ళీ గుండ్రంగా ఉబ్బడం కళ్ళారా చూశాను. ఎంత బాగుందో.

సరే, మాట దగ్గరికి వస్తాను. పిండం కాకపోతే ఇంకేం రాయాలి? భ్రూణం అంటే స్కానింగ్ సెంటర్ గోడ మీది భ్రూణహత్య బోర్డే కళ్ళముందు నిలుస్తుంది. పేషెంట్లు తమంతట తాము వాడే మాట బేబీలు. "మా బేబీలు ఎలా ఉన్నాయి మేడమ్" అంటారు. వినడానికి ముద్దుగా ఉంటుంది కానీ ఫారంలో ఆ మాట పెడితే మనం ఇవ్వలేనిది ఇస్తామని రాసినట్టే.

తొమ్మిదింటికి నాన్న భాగవతం గుర్తొచ్చింది. తృతీయ స్కంధంలో కపిలుడు తల్లికి గర్భం సంగతి చెబుతాడు. ఒక రాత్రికి కలలం, అయిదు రాత్రులకు బుద్బుదం, పదో రోజుకి రేగుపండంత అని. అయిదో రోజుకి బుడగ! మేం మైక్రోస్కోపు కింద చూసేదీ అదే, లోపల నీరు నిండిన బుడగ. గర్భోపనిషత్తులో అయితే పిండం అయ్యేది అరనెలకి. దాదాపు 14 రోజులు. ల్యాబ్‌లో ఎంబ్రియోను 14 రోజులు దాటి పెంచకూడదని బ్రిటన్‌లో ఈ విషయాలు చూడ్డానికి వేసిన మేరీ వార్నాక్ కమిటీ 1984లో చెప్పింది, బ్రిటన్ 1990లో దాన్ని చట్టం చేసింది. ఆ సమయానికే వెన్ను రాబోయే చోట మొదటి గీత కనబడుతుంది, అంతకుముందైతే ఒకటి రెండుగా చీలి కవలలు కావచ్చు. నాకు ఒళ్ళు జలదరించింది. మా డిష్‌లో ఉన్నది ఆ పాత లెక్కన కూడా పిండం కాదు అని సార్‌కి మెయిల్ రాయడం మొదలుపెట్టాను.

సగంలో ఆపేశాను. భాగవతంలో అయిదు రాత్రులు, ఉపనిషత్తులో ఏడు. వాళ్ళెవరూ మైక్రోస్కోపు పెట్టుకుని చూడలేదు. కౌరవులు టెస్ట్ ట్యూబ్ పిల్లలని సైన్స్ సభలో చెప్పే దారిలోకి నేను వెళ్ళను. పైగా పల్నాడు నుంచి వచ్చినవాళ్ళ చేతికి బుద్బుదం అని రాసిచ్చినా, సదరు పిండములు అని రాసిచ్చినా తేడా ఏముంది?

ఆ మెయిల్ చెరిపేస్తుంటే ఇంకోటి తట్టింది. నేను ఎంతమంది చేత సంతకాలు పెట్టించానో లెక్క లేదు. చాలా ఫారాల్లో ఎంబ్రియో అనే ఉండేది. ఆ చివరి పేజీ దగ్గర ఆగి ప్రశ్న అడిగింది ఆవిడ ఒక్కరే. ఆవిణ్ణి ఆపింది ఆ మాటే. ఎంబ్రియో అంటే ఎవరికీ ఏమీ తగలదు, చేయి దానంతటదే టిక్ పెట్టేస్తుంది. పిండం అంటే చేయి ఆగుతుంది. అలాగైతే సార్ చెప్పిన మాటే సరైనదా? ఆయన చెప్పిన కారణం వేరు, అది నాకు ఇప్పటికీ ఒప్పుదల కాదు. కానీ మాట సరైనదేనేమో.

మళ్ళీ కుర్చీ అంచున కూర్చున్న ఆ అమ్మాయే గుర్తొస్తోంది. పదిరోజులకు పైగా పొట్ట మీద సూదులు పొడిపించుకుని, కాసేపట్లో తన కడుపులోకి వచ్చే దాని గురించి చావింటి మాట వినాలా? దీపం పెడుతూ ఒక్కసారి విన్నందుకే అత్తయ్యకి అన్నం సహించలేదు.

రెండు సంగతులు మాత్రం తేలాయి. "నశించనివ్వబడును" కొట్టేశాను. నశించనివ్వడం అంటే ఎవరూ ఏమీ చేయనట్టు ఉంటుంది. నిజానికి నాలాంటి ఒకమ్మాయి గ్లవ్స్ వేసుకుని ట్యాంకులోంచి ఎంబ్రియో ఉన్న ఆ సన్నటి స్ట్రా తీసి బల్ల మీద పెడుతుంది. కాబట్టి "ట్యాంకులోంచి తీసి బయట పెడతాం. ఆ తర్వాత అవి బతకవు" అని రాశాను. ఇంకా, మొదటి పేజీ పైన పెద్ద అక్షరాలతో, "ఈ కాగితం ఈరోజే సంతకం చేయక్కర్లేదు. ఇంటికి తీసుకెళ్ళి చదవండి" అని పెట్టాను. మార్కులు తగ్గించినా తీయను.

ఆ మాట రాయాల్సిన చోటు ఇంకా ఖాళీయే. ఒకదాని కింద ఒకటి ఎంబ్రియో, పిండం రెండు మాటలూ పెన్సిల్‌తో రాసిపెట్టాను. అత్తయ్య కళ్ళజోడు టీవీ పక్కనే ఉంది. పొద్దున కాఫీ తాగాక మూడు పేజీలూ ఆవిడ చేతికే ఇస్తాను, పైకి చదవమని. ఎక్కడ ఆగుతారో చూస్తాను. తొమ్మిదిన్నరకి కాలేజీ బస్సు, ఆలోగా చదవడం అయిపోతే సరి. కాకపోతే తర్వాతి బస్సుకి వెళ్తాను.