ముడతపడ్డ టమోటాను పారేయాలా?

నిన్న రాత్రి బెంగుళూరు నుంచి మా అమ్మాయి వాట్సాప్‌లో ఫోటో పంపింది. స్టీలు గిన్నెలో ఆరు టమోటాలు. "అమ్మా, కొని పది రోజులైంది. ఇవి తినొచ్చా, పారేయమంటావా?" అని అడిగింది. ఫోటో ఎంత పెద్దది చేసి చూసినా నేనేం చెప్పగలను? టమోటా సంగతి సగం వేలికి, సగం ముక్కుకి తెలుస్తుంది. ఫోన్ చేసి ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకోమన్నాను.

మాది మదనపల్లె దగ్గర పల్లె. మా నాయన ఏటా టమోటా వేసేవాడు. కోత రోజు ఇంటిల్లిపాదీ తోటలోనే. దూరం పోయే సరుకు దోరగా ఉన్నప్పుడే కోసేవాళ్ళం, అది దారిలో పండుతుంది. క్రేటు నింపే ముందు నాయన కింద కూర్చుని ఏరేవాడు. చితికిన కాయ ఒక్కటి లోపల పడితే దాని నీళ్ళు చుట్టూ ఉన్న కాయలన్నింటికీ అంటుకుంటాయి, మండీకి చేరేసరికి బూజు మొదలవుతుంది. బాగా పండినవి, పగిలినవి, మచ్చలున్నవి ఇంటికి మిగిలేవి. మేము తిన్నవన్నీ అవే. వాటిలో ఏది ఊరిబిండికి (రోటి పచ్చడికి), ఏది పేడదిబ్బకి అన్నది మా అమ్మ చేత్తో పట్టుకోగానే తేల్చేది. ధర పడిపోయి కోత కూలి కూడా రాని ఏడాది, నాయన పండిన తోటలోకి మేకలను తోలేశాడు. ఆ సాయంత్రం ఇంట్లో ఎవరమూ సరిగ్గా అన్నం తినలేదు. అందుకే, తినగలిగిన కాయ చెత్తబుట్టలో పడితే నాకు ఇప్పటికీ మనసు ఒప్పదు.

మా అమ్మాయి ముందు భయపడింది ముడతలు చూసి. ముడత అంటే కాయలో నీరు తగ్గిందని, అంతే. నీరు ఎక్కువగా పోయేది ముచ్చిక (తొడిమ) ఊడిన చోటు నుంచి. ఆ చోటు కిందికి ఉండేలా పెడితే కాయ ఇంకొన్ని రోజులు ఆగుతుంది. తోలు ఎక్కడా తెగకుండా, వాసన మారకుండా ఉంటే ముడతపడ్డ కాయ పప్పులోకి, చారులోకి బ్రహ్మాండంగా పనికొస్తుంది. పచ్చిగా కోసుకుని తినడానికి మాత్రం రుచించదు.

"బొటనవేలితో మెల్లగా నొక్కు" అన్నాను. మెత్తగా ఉన్నా నొక్కిన చోటు మళ్ళీ పైకి లేస్తే మంచిదే. గుంట అలాగే నిలిచిపోయి, తోలు కింద నీళ్ళు కదిలినట్టుంటే లోపల కండ కరిగిపోయిందని అర్థం. తర్వాత ముచ్చిక దగ్గర వాసన చూడమన్నాను. అక్కడ టమోటా ఆకు వాసనో, ఏ వాసనా లేకపోవడమో మంచి గుర్తు. పులిసిన కల్లు వాసన వస్తే ఇక ఆలోచించక్కర్లేదు, పారేయడమే.

పగుళ్ళ విషయంలో చాలామంది పొరబడతారు. ముచ్చిక చుట్టూ గోధుమరంగులో ఎండి గట్టిపడిన గీతలుంటే, అవి చెట్టు మీదే పడినవి. ఎండాక ఒక్కసారిగా వాన పడితే కాయ గబగబా ఊరి తోలు చీలుతుంది, మళ్ళీ మానుతుంది. వాటితో ఇబ్బంది లేదు. తడిగా, జిగురుగా ఉన్న పగులు వేరు. ఇవాళ సంచిలో నలిగి పగిలితే ఇవాళే వండుకోవాలి. ఎప్పుడు పగిలిందో తెలియకపోతే వద్దు. కింద అడుగున నల్లగా, తోలులా ఎండిన మచ్చ ఉన్నవి కూడా కొన్నిసార్లు వస్తాయి. అది అంటురోగం కాదు. నీళ్ళు ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ అందితే కాయకు కాల్షియం సరిగ్గా చేరక అలా అవుతుంది. మచ్చ పొడిగా ఉంటే ఆ భాగం కోసేసి మిగతాది వాడొచ్చు.

బూజు దగ్గర మాత్రం నేను ఒక్క అడుగు కూడా వెనక్కి తగ్గను. 2023 జూలైలో టమోటా కిలో 150 దాటిన రోజులు గుర్తున్నాయి కదా. అప్పుడు ఒక కాయకి ముచ్చిక పక్కన చిటికెడు తెల్ల బూజు కనిపించింది. ఆ ధరలో పారేయడానికి చెయ్యి రాలేదు. అంత మేర కోసేసి మిగతాది చారులో వేశాను. పోపు పెట్టినా అడుగున తడి గోనెసంచి వాసన పోలేదు. ఒక్క కాయ కోసం గిన్నెడు చారు పారబోశాను. క్యారెట్ లాంటి గట్టి కూరగాయల్లో బూజు లోపలికి అంతగా పోదు. టమోటాలో నీరెక్కువ, పైన చుక్కంత కనిపించినా దారాలు లోపలికి పాకి ఉంటాయి. ఉడికిస్తే బూజు చస్తుంది గానీ, కొన్ని బూజులు వదిలే విషం ఆ వేడికి పోదు.

మా అమ్మాయి మూడో కాయ కోసి "అమ్మా, లోపల తెల్లగా పురుగులు!" అని అరిచింది. వీడియో కాల్‌లో చూస్తే పురుగులు కావు, గింజలు మొలకెత్తాయి. పాతబడిన కాయలో అలా జరుగుతుంది. కండ గట్టిగానే ఉంది, వాసన బాగానే ఉంది. గింజలు తీసేసి వాడుకోమన్నాను, మొలకలు కాస్త చేదు తగలొచ్చు.

ఇంతకీ అవన్నీ పాలిథిన్ కవర్‌లో ముడి వేసి ఫ్రిజ్‌లో పెట్టిందట. కవర్‌లో చెమ్మ పడుతుంది. దోరకాయలు ఫ్రిజ్ చలికి సరిగ్గా పండవు, రుచీ చచ్చిపోతుంది. అవి బయటే గాలి తగిలేలా పళ్ళెంలో ఉండాలి. బాగా పండినవి ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంచుకోవచ్చు. కోసిన ముక్క అయితే మూత పెట్టి ఫ్రిజ్‌లోనే, మర్నాటికి వాడేయాలి.

ఆరింటిలో ఒకటి ముచ్చిక దగ్గర తడిసి నూగు పట్టింది, దాన్ని పారేయించాను. దాన్ని ఆనుకుని ఉన్న రెండింటినీ కడిగి, బట్టతో తుడిచి, మళ్ళీ వాసన చూడమన్నాను, బాగున్నాయి. మొలకల కాయతో కలిపి నాలుగింటితో రాత్రే పచ్చడి చేసుకుంది. మిగిలినది ఇంకా గట్టిగానే ఉంది, ముచ్చిక చోటు కిందికి పెట్టి బుధవారం పప్పులో వేసుకోమన్నాను.