కొత్తింట్లో నాలుగో రోజు

ఆదివారం, మధ్యాహ్నం మూడున్నర

ఇంట్లో అందరూ పడుకున్నారు. హాల్లో పదకొండు అట్టపెట్టెలు ఇంకా విప్పకుండానే ఉన్నాయి, సాయంత్రానికి నాలుగైనా విప్పాలి. ఈలోగా ఇది రాసి పెట్టుకుంటాను. 14 ఏళ్ల కిందట హైదరాబాద్ నల్లకుంట ఇంట్లోకి దిగినప్పుడు ఏమేం తంటాలు పడ్డామో ఈసారి ఎంత గుర్తు చేసుకుందామన్నా ఒక్కటీ గుర్తుకు రాలేదు. అప్పుడు రాసుకోలేదు మరి.

గురువారం పొద్దున ఆరున్నరకు బోడుప్పల్ ఇంట్లో పాలు పొంగించాం. ఆషాఢంలో ఇల్లు మారడానికి అత్తయ్య ఒప్పుకోలేదు. అందుకని కొత్తింటికి అడ్వాన్సు ఇచ్చేసి కూడా పాతింటికి ఇంకో నెల అద్దె కట్టాం. ఆయన కొంచెం గొణిగారు కానీ నాకది దండగ అనిపించలేదు. ఆ నెల్లాళ్లూ సామాను నిమ్మళంగా సర్దుకున్నాం. అటక మీద ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోని ఇత్తడి సామానంతా దింపి, వాడేది వాడనిది విడదీశాం. శ్రావణం వచ్చాక మంచి రోజు చూసుకుని దేవుడి పటం, పసుపు కుంకుమ, ఉప్పు, పప్పు, బియ్యం, బిందెతో నీళ్లు ముందుగా లోపల పెట్టాం. పాత చీపురు తేకూడదన్నారు, కొత్తది కొన్నాం. తొమ్మిదింటికల్లా నల్లకుంట ఇంటి ముందు డీసీఎం వ్యాను ఆగింది, నలుగురు హమాలీలు దిగారు.

పెట్టెల మీద పేర్లు రాసే పని పాప తీసుకుంది. పైన కాకుండా రెండు పక్కలా రాసింది. నేను ముందు పైన రాయమన్నాను. "అమ్మా, ఒకదాని మీద ఒకటి పెట్టాక పైన రాసింది ఎవరికి కనిపిస్తుంది?" అంది. నిజమే. మంచాల నట్లూ బోల్టులూ పాలిథిన్ కవర్లో వేసి, ఆ కవరును అదే మంచం పట్టెకు టేపుతో చుట్టేసింది కూడా తనే. అందరికంటే ముందు లేచి నిలబడింది మంచాలే.

ఫ్రిజ్జు విషయంలో మాత్రం నేను పట్టు విడవలేదు. డీసీఎంలో చోటు కలిసొస్తుందని దాన్ని పడుకోబెట్టబోయారు. అలా చేస్తే కంప్రెసర్లోని ఆయిలు పైపుల్లోకి పోతుంది. నిలబెట్టే తీసుకురమ్మన్నాను. వచ్చాక కూడా వెంటనే ప్లగ్గు పెట్టలేదు, సాయంత్రం దాకా ఆగాం. పెరుగూ పాలూ ముందు రోజే ఖాళీ చేసుకున్నాం కాబట్టి ఏదీ పాడవలేదు. వాషింగ్ మెషీనుది ఫ్రంట్ లోడు. కొన్నప్పుడు డ్రమ్మును బిగించి వచ్చిన బోల్టులు నాలుగింటినీ అప్పట్లో ఆయన దాచిపెట్టారు. వాటిని మళ్లీ వెనక బిగించాకే బండి ఎక్కించాం.

ఆవకాయ జాడీ డీసీఎం ఎక్కలేదు. అత్తయ్య ఎక్కనివ్వలేదు. వాసెన గుడ్డ విప్పి మళ్లీ గట్టిగా కట్టి, తాడు రెండు చుట్లు తిప్పి, ఆటోలో తన ఒళ్లోనే పెట్టుకున్నారు. ఉప్పల్ దగ్గర ట్రాఫిక్కులో ఇరుక్కున్నప్పుడు "ఇలా ఇవ్వండి అత్తయ్యా, నేను పట్టుకుంటాను" అన్నాను. ఇవ్వలేదు. ఆ జాడీ మీద రెండు అరచేతులూ బోర్లించి, బయటికి చూస్తూ కూర్చున్నారు. నల్లకుంటలో శంకరమఠం వీధి దాటాక ఆవిడ మళ్లీ మాట్లాడింది బోడుప్పల్ వచ్చాకే.

ఇక అసలు రాయాల్సింది గురువారం రాత్రి గురించి.

అత్తయ్యకు 78 ఏళ్లు. బీపీ మాత్ర, షుగరు మాత్ర రాత్రి ఎనిమిదింటికి వేసుకోవాలి. మందుల పెట్టె మీద పాప పక్కలా పైనా కూడా "మందులు" అని పెద్దక్షరాలతో రాసింది. కానీ అది వంటసామాను పెట్టెల కింద ఎక్కడో పడింది. అన్నీ దించి వెతికి తీసేసరికి పదిన్నరయింది. ఆవిడ ఒక్క మాటా అనలేదు. అలసిపోయి గోడకు చేరగిలబడి కూర్చున్నారు, నాకు లోపల్లోపల వణుకు. మందులు, చీటీలు, కళ్లజోడు, సెల్‌ఫోన్ చార్జర్లు, ఒక జత బట్టలు, టార్చిలైటు, కాసిన్ని పాలపొడి, టీ పొడి, ఒక గిన్నె: ఇవి పెట్టెలోకి వెళ్లకూడదు. చేతి సంచిలోనే రావాలి, మనతోపాటు ఆటోలో రావాలి. ఆవకాయ జాడీ వచ్చినట్టు.

రాత్రి రెండింటికి చప్పుడైతే లేచాను. అత్తయ్య గదిలో చీకటి. లైటు వేసి చూద్దును కదా, ఆవిడ బీరువా ముందు నిలబడి రెండు చేతులతో దాని తలుపు తడుముతున్నారు. నన్ను చూసి, "అమ్మాయ్, దారికడ్డంగా ఈ బీరువా ఎవరు పెట్టారే?" అన్నారు.

ఆవిడ బాత్రూముకు బయల్దేరారు. కాళ్లు మాత్రం నల్లకుంటలో ఉన్నాయి. అక్కడ తూర్పు తల పెట్టుకుని పడుకునేవారు. మంచం ఎడమ పక్కకు దిగి ఏడడుగులు వేస్తే బాత్రూము. 14 ఏళ్లపాటు ప్రతి రాత్రీ లైటు వేయకుండా నడిచిన దారి అది. ఇక్కడ మేం ఏం చేశాం? గదిలో సామాను ఎలా ఇముడుతుందో చూసుకున్నాం. మంచం ఎడమ పక్కను గోడకు ఆనించేశాం, కుడి పక్క బీరువా నిలబెట్టాం. ఎడమకు దిగబోతే గోడ, కుడికి దిగితే ఇనుము. నిద్రమత్తులో ఆవిడ ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగారో నాకు తెలియదు. మోచేతి మీద చిన్న కమిలిన మచ్చ పొద్దున కనిపించింది.

చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాను. తిరిగొచ్చి పడుకోబెట్టాక ఆ గది గుమ్మంలోనే చాప వేసుకుని పడుకున్నాను. నిద్ర పట్టలేదు. పడి ఉంటే? ఆ వయసులో తుంటి ఎముక విరిగితే మనిషి మళ్లీ లేచి తిరగడం ఎంత కష్టమో మా అమ్మ విషయంలో చూశాను. ఇల్లు చూసుకునేటప్పుడు గాలీ వెలుతురూ చూశాం, గోడల చెమ్మ చూశాం, బండి పెట్టుకునే చోటు చూశాం, స్కూలు బస్సు వస్తుందా అని కూడా కనుక్కున్నాం. ఆవిడ రాత్రి లేస్తే ఎటు నడుస్తారు అన్నది ఒక్కరం కూడా ఆలోచించలేదు.

శుక్రవారం పొద్దున్నే ఆయనకు చెప్పాను. మంచం తిప్పుదామన్నారు. ఎడమ పక్క ఖాళీ రావాలంటే తల ఉత్తరానికి రావాలి. "ఉత్తరం తల పెట్టుకుని పడుకోను నాయనా, కావాలంటే కిందే పడుకుంటాను" అన్నారు అత్తయ్య. నాకూ మనసొప్పలేదు. ఇక మిగిలింది బీరువాయే. దాన్ని ఖాళీ చేసి, కింది పోర్షను వాళ్లబ్బాయి సాయం పడితే, హాల్లోకి జరిపాం. మంచాన్ని అవతలి గోడకు జరిపి తూర్పు తల అలాగే ఉంచాం. ఇప్పుడు ఎడమకు దిగొచ్చు. బాత్రూము అటే. నల్లకుంటలో ఏడడుగులు, ఇక్కడ తొమ్మిది. హాల్లో బీరువా ఏంటని వచ్చినవాళ్లు అడుగుతారు. అడగనీ.

బాత్రూము గడప రెండంగుళాలు ఎత్తుంది. దాని అంచుకు తెల్ల టేపు అంటించాను. లోపల బండలు నున్నగా ఉన్నాయి, రబ్బరు పట్టా కొనుక్కొచ్చాం. దారిలో ఒక జీరో బల్బు. శుక్రవారం సాయంత్రం అత్తయ్యా నేనూ ఆ తొమ్మిదడుగులూ ఐదుసార్లు నడిచాం. ఆఖరి రెండుసార్లు ఆవిడే కళ్లు మూసుకుని నడిచారు, నేను వెనక చేతులు చాచి నడిచాను.

మిగతా పనులు నడుస్తున్నాయి. దిగిన రోజే కరెంటు మీటరు రీడింగు ఫోటో తీశాను, బిల్లు మీది కనెక్షన్ నంబరు, అదే యూఎస్‌సీ నంబరు రాసుకున్నాను. ఇంకో రెండు ఇళ్లు చూసి వదిలేసింది ఈ మీటరు దగ్గరే. అక్కడ రెండు పోర్షన్లకూ కలిపి ఒకటే మీటరు. రెండిళ్ల వాడకం ఒకే బిల్లులో పడి నెలకు 200 యూనిట్లు దాటిందంటే మొదటి యూనిట్ నుంచే రేటు పెరుగుతుంది. మనం పొదుపుగా వాడుకున్నా ఆ స్లాబు మన నెత్తిన పడుతుంది. అద్దె వెయ్యి తక్కువని అలాంటి ఇంట్లో దిగితే ఆ వెయ్యీ కరెంటుకే పోతుంది.

ఫోటోలు మీటరుతో ఆపలేదు. వాష్‌బేసిన్ మీద పగులు, వంటింటి కిటికీ కింద చెమ్మ, ఊడిన గొళ్లెం, అన్నీ తీసి అదే రోజు ఈ ఇంటి ఓనరుగారికి వాట్సాప్‌లో పంపాను. ఆయన చూసి సరేనన్నారు. పాతింట్లో మేం అలా చేయలేదు. మేం రాకముందు నుంచే ఉన్న పగుళ్లకూ మరకలకూ కలిపి, రంగుల ఖర్చని రెండు నెలల అడ్వాన్సులో ముప్పావు వంతు పట్టుకున్నారు. మా దగ్గర చూపించడానికి ఏమీ లేదు. 14 ఏళ్లు ఆ ఇంటిని మా ఇంటిలాగే చూసుకున్నాం, ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

నీళ్ల సంగతి ఓనరును కాదు, పక్కింటావిడను అడగాలి. ఓనరు "నీళ్లకేం లోటు లేదు" అన్నారు. పక్కింటావిడ చెప్పింది: నల్లా రోజు విడిచి రోజు వస్తుంది, పొద్దున అయిదూ అయిదున్నర మధ్య లేచి వాల్వు తిప్పకపోతే సంపు నిండదు, ఎండాకాలం బోరు తగ్గితే ట్యాంకరే. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. కానీ ఇల్లు నడవాలంటే ఆవిడ మాటే అక్కరకొస్తుంది.

గ్యాసుకు నల్లకుంట ఏజెన్సీలో బదిలీ కాగితం తీసుకున్నాం. ఊరు ఒకటే కాబట్టి సిలిండరూ రెగ్యులేటరూ అప్పగించక్కర్లేదు. మూడు నెలల్లోపు ఇక్కడి ఏజెన్సీలో ఆ కాగితం ఇచ్చి పేరు ఎక్కించుకోవాలి. వేరే ఊరికి వెళ్తే రెండూ అప్పగించి డిపాజిట్టు వెనక్కి తీసుకోవాలి. స్టవ్ బిగించేటప్పుడు చూస్తే గొట్టం మీది తేదీ దాటి ఏడాదైంది. అయిదేళ్లకోసారి మార్చాల్సిన గొట్టం అది. ఇన్నాళ్లూ వంగి చూసినవాళ్లు లేరు. కొత్తది వేయించాకే స్టవ్ వెలిగించాను.

ఓటు మార్చుకోవడానికి ఫారం 8. పాప ఫోన్లో నింపి పెట్టింది. అంబర్‌పేట నుంచి మేడ్చల్ నియోజకవర్గంలోకి వచ్చాం. అద్దె కాగితం పదకొండు నెలలకే రాశారు. అందరూ అలాగే రాస్తారు. దాని నకళ్లు నాలుగు తీయించి పెట్టుకున్నాను. బ్యాంకు, ఆధార్ ఈ వారంలో చూడాలి.

నిన్న రాత్రి సంగతి రాసి లేస్తాను.

మళ్లీ రెండింటికే మెలకువ వచ్చింది. మెలకువ ఏమిటి, ఎదురుచూస్తూనే పడుకున్నాను. గుమ్మం దగ్గర నిలబడ్డాను, పిలవలేదు. అత్తయ్య ఎడమకు దిగారు. ఒకటి, రెండు, మూడు... ఏడో అడుగు దగ్గర ఆగారు. నా గుండె ఆగినంత పనైంది. ఏదో గుర్తుకు వచ్చినట్టు తల ఊపి, ఇంకో రెండడుగులు వేశారు. గడప దగ్గర కాలు ఎత్తి పెట్టారు. తలుపు చప్పుడు, నీళ్ల చప్పుడు. అలాగే తిరిగొచ్చారు.

కానీ లోపలికి అడుగుపెట్టే ముందూ, బయటికి వచ్చాకా, ఆవిడ కుడి చెయ్యి గోడ మీదికి వెళ్లింది. అరచేత్తో అటూ ఇటూ రాశారు. బాత్రూము లైటు స్విచ్ కోసం. నల్లకుంటలో అక్కడే ఉండేది. ఇక్కడ అది తలుపుకు అవతలి పక్క, బాగా పైకి ఉంది. జీరో బల్బు వెలుతురు ఉన్నా ఆ చెయ్యి మాత్రం పాత చోటుకే వెళ్లింది.

పొద్దున ఓనరుగారికి ఫోన్ చేసి, గోడ పగలగొట్టకుండా కేసింగ్ పట్టీ మీదుగా వైరు లాగి ఒక స్విచ్ పెట్టుకోవచ్చా అని అడిగాను. పెట్టుకోండమ్మా అన్నారు. ఎలక్ట్రీషియన్ రేపు పదింటికి వస్తానన్నాడు. ఎంత ఎత్తులో పెట్టమంటారు అని అడిగాడు.

అత్తయ్యను తలుపు దగ్గర నిలబెట్టి, కళ్లు మూసుకుని లైటు వేయమన్నాను. "ఎక్కడే స్విచ్?" అన్నారు. "మీ చెయ్యి ఎక్కడికి వెళ్తే అక్కడ, అత్తయ్యా" అన్నాను. ఆవిడ చెయ్యి చాచి అరచెయ్యి గోడకు ఆనించారు. దాని మధ్యన పెన్సిలుతో గుర్తు పెట్టి టేపుతో కొలిచాను. నేల నుంచి 46 అంగుళాలు.