పెంకు వరుసలు కలవట్లేదు: పల్లె చర్చి మోడల్, కప్పు దగ్గర ఆగిన పని

కప్పు మళ్లీ పీకేశాను. ఎడమ అంచున కుదురుగా మొదలైన పెంకుల గాడులు కుడి అంచుకు చేరేసరికి ఒక వరుసకూ ఇంకో వరుసకూ పొత్తు లేకుండా పోయాయి. దూరం నుంచి చూస్తే బాగానే ఉందని ఇంట్లోవాళ్లు అంటున్నారు. దూరం నుంచి చూడటానికైతే ఫొటో చాలు కదా!

మోడల్ పుత్తూరు వైపు ఒక పల్లెలోని లూథరన్ (ప్రొటెస్టంట్లలో ఒక శాఖ) చర్చిది, స్కేలు 1:50. గోడలు అయిపోయాయి. మొన కమాను కిటికీలు కూడా అయిపోయాయి: వెడల్పు 90 సెం.మీ., రెండు చాపాల వ్యాసార్ధమూ అంతే, కాబట్టి కమాను ఎత్తు 78 సెం.మీ., మోడల్‌లో 15.6 మి.మీ. కామ్లిన్ అక్రిలిక్‌లో తెలుపుకి చిటికెడు పసుపు మట్టి రంగు కలిపితే పాత సున్నం రంగు అచ్చంగా దిగింది. ముందు వైపు ఈమధ్య వేసిన సిమెంటు పోర్టికో మాత్రం నేను చెయ్యను. రాతిపలక మీది అక్షరాలు పూడిపోయేలా ఎనామిల్ పెయింట్ కొట్టినవాళ్ల మీద కోపం కూడా ఇంకా తగ్గలేదు.

కప్పు మీద ఇంత పట్టుదల ఎందుకంటే, ఈ చర్చికి అందమంతా దానిదే. మొన కమాన్లు తీసేస్తే మిగిలేది పాత పల్లెటూరి బడి లాంటి కట్టడం: 45 సెం.మీ. మందం గోడ, సున్నం పూత, తాటి వాసాలు, వాటికి అడ్డంగా రీపర్లు (పెంకులు ఆనే సన్న చెక్క పట్టీలు), వాటిపైన మంగుళూరు పెంకులు. స్విట్జర్లాండ్‌కు చెందిన క్రైస్తవ ప్రచార సంస్థ బాసెల్ మిషన్ వాళ్లు మంగుళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టింది 1865లో. హెర్మన్స్‌బర్గ్ మిషన్ అనే జర్మన్ సంస్థ తరఫున ఆగస్ట్ మిలియస్ మన వైపు తెలుగు ఊళ్లలో పని మొదలుపెట్టిందీ ఆ ఏడాదే. రెండూ వేరు వేరు మిషన్లు, కానీ ఒకరు మొదలుపెట్టిన పెంకు చివరికి ఇంకొకరి పల్లె చర్చిల మీదికి ఎక్కింది. మొదటి ప్రపంచ యుద్ధంతో జర్మన్లు వెళ్లిపోయాక ఈ పని అమెరికాలోని ఒహాయో లూథరన్ల చేతికొచ్చింది. ఇప్పుడున్నది సౌత్ ఆంధ్ర లూథరన్ చర్చి, దాని ప్రధాన కార్యాలయం తిరుపతిలోనే.

సరే, కొలతలు. చూరు కింద పడి ఉన్న పగిలిన పెంకును టేపుతో కొలిచాను: 41 సెం.మీ. పొడవు, 23.5 వెడల్పు. ఒకదాని మీద ఒకటి ఎక్కిన భాగం పోగా బయటికి కనిపించేది 32 × 21. మోడల్‌లో 6.4 × 4.2 మి.మీ. వరుసకు 58 పెంకులు, వాలుకు 14 వరుసలు, అంటే ఒక వైపుకే 812. విడివిడిగా అతికించే ఓపిక నాకు లేదు. అందుకే 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) ఐవరీ బోర్డు, అంటే మందపాటి కాగితం పట్టీలను గాడుల అచ్చులో నొక్కి, చూరు నుంచి పైకి వరుస మీద వరుస అతికిస్తున్నాను.

పట్టీ పొడవు 243.6 మి.మీ. రావాలి. పొడిగా నొక్కితే అచ్చులోంచి తీయగానే కాగితం వెనక్కి సాగి 246.3 దాకా వస్తోంది. తడి గుడ్డతో తుడిచి నొక్కితే అచ్చులో సరిగ్గా కూర్చుంటుంది, ఆరాక 241.6కి ముడుచుకుపోతుంది. తేడా 4.7 మి.మీ., ఒక పెంకు కంటే ఎక్కువ. పోనీ అన్నీ తడిగానే నొక్కుదామంటే, వాటిలో వాటికే ఒకటిన్నర మి.మీ. తేడా. ఇదే చంపుతోంది. అన్నీ ఒకే కొలతలో తప్పితే అచ్చు మార్చుకోవచ్చు, ఒక్కోటి ఒక్కోలా తప్పితే ఏం చేస్తాం?

మొదటి అనుమానం కాగితం పోగు మీద, అంటే దానిలోని నారలు సాగే దిశ మీద. పోగుకు అడ్డంగా కోసిన పట్టీ ఆరేటప్పుడు ఎక్కువ ముడుచుకుంటుంది. షీటు తిప్పి, పోగు పొడవునా వచ్చేలా కోస్తే తేడా సగానికి తగ్గింది, పోలేదు. రెండో అనుమానం చేతి బరువు. అచ్చు చిన్నది, 20 పెంకులకే సరిపోతుంది, జరుపుకుంటూ నొక్కాలి, మూడో జరుపుకి చెయ్యి అలిసిపోతుంది. మూడోది జిగురు. తెల్ల జిగురులో నీళ్లుంటాయి, రాయగానే పట్టీ మళ్లీ సాగుతుంది. పైగా ఆరాక కప్పు పలక మధ్యలో 3.5 మి.మీ. పైకి లేచింది. వెనక కూడా అదే కాగితం అతికించాక ఆ వంపు ఒక మి.మీ. లోపుకి వచ్చింది కాబట్టి దాని గొడవ తీరినట్టే.

త్రీడీ ప్రింట్ తీయించుకోమని ఫ్రెండ్స్ సలహా. ఆ పొరల గీతల మీద ఎంత రంగు వేసినా ప్లాస్టిక్ ప్లాస్టిక్‌లాగే ఉంటుంది. నాకు నచ్చదు.

మళ్లీ కొలతలకని పోయినప్పుడు అక్కడి సంఘపెద్ద ఒకాయన "ఏం నాయనా, ఇంకా గుడి బొమ్మ చేస్తానే ఉండావా?" అని నవ్వి, పెంకులు సర్దే మేస్త్రీని చూపించారు. నా బాధ మేస్త్రీకి చెప్తే, ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు: "పది పెంకులకొకసారి దారం పట్టల్ల సామీ. యాడైనా తేడా వస్తే ఆ పదిట్లోనే సర్దుకోవల్ల." పెంకు పక్క గాడిలో కొంచెం జారే సందు ఉంటుంది, ఆ సందులోనే ఆయన తేడా తినేస్తాడు. నా పట్టీలో ఆ సందు లేదు, 58 పెంకుల తప్పంతా చివరికి పోగవుతోంది. ఇకమీద పట్టీని పదేసి పెంకులకు తెగ్గోసి, పలక మీద ప్రతి 42 మి.మీ.కి పెన్సిల్ గీత గీసి, గీతకు గీత కలుపుతాను. ముక్కకు వచ్చే తేడా 0.3 మి.మీ. లోపే, కంటికి ఆనదు. అతుకు గాడిలోనే పడేలా కొయ్యాలి.

దీనితోపాటు 0.1 మి.మీ. అల్యూమినియం రేకు కూడా నొక్కి చూశాను. మూడు పట్టీలు 243.4, 243.5, 243.6 వచ్చాయి! తేమతో పని లేదు. కానీ గోరు తగిలితే రంగు పొరలా లేచిపోతోంది, కింద మెటల్ ప్రైమర్ వేసి చూడాలి. ప్రైమర్ పొర గాడులను పూడ్చేస్తే మళ్లీ కాగితానికే వస్తాను.

కప్పు తేలితే తర్వాత పెంకు లేని చర్చి చెయ్యాలని ఉంది. 1853లో అమెరికన్ మిషనరీలు స్కడర్ సోదరులు మొదలుపెట్టిన ఆర్కాట్ మిషన్ పని మదనపల్లె దాకా వచ్చింది. చిత్తూరు అప్పటికి ఉత్తర ఆర్కాటులోది, 1911లో విడిజిల్లా అయింది. ఆ కాలపు మద్రాసు టెర్రస్ మిద్దెను సగం కోసి లోపల చూపించాలి: దూలాలు, వాటి మీద మూలవాటుగా నిలబెట్టి సున్నంతో పేర్చిన ఇటుకలు, పైన ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు, దాని మీద పలక పెంకులు. 1:50లో ఇటుకలు మరీ చిన్నవైపోతాయి, దానికి 1:20 తీసుకుంటాను. దూలాలకు టేకు పేళ్లు ఇస్తానని వడ్రంగి ఒకాయన మాటిచ్చాడు.