సినాప్స్ ఫోటోలు, కమిటీ ముందు నేను: నా అనుభవం

ఈ మధ్యాహ్నం నా పీహెచ్‌డీ కమిటీ రిపోర్టు మీద సంతకాలు పడ్డాయి. తార్నాక మెట్రో మెట్లు దిగుతూనే అమ్మకు ఫోన్ చేశాను. ఆరు నెలల కిందట వెనక్కి వచ్చిన రిపోర్టే ఇది. మెదడులో ఒక కణం ఇంకో కణానికి సంకేతం అందించే చోటు సినాప్స్; దాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో ఫోటోలు తీయడమే నా పని.

ఎథిక్స్ అనుమతి, కెమికల్స్ ఇండెంట్ టైముకే అయిపోయాయి. ఎలుక మెదడు ముక్కల్ని ఆస్మియం అనే రంగు పట్టించే రసాయనంలో నానబెట్టి, గట్టిపడే రెజిన్‌లో పోయడమూ కష్టం కాలేదు. 70 నానోమీటర్ల మందాన కోయడం చేతికి రావడానికే రెండు నెలలు పట్టింది. వజ్రపు కత్తి పక్కన నీళ్ల మీద తేలే పొర వెండిలా మెరిస్తే సరిగ్గా తెగినట్టు, బంగారు రంగులోకి తిరిగితే మందమైనట్టు.

ఇక ఆరు నెలల కిందటి ఆ కమిటీ. మొదటి ఫోటో తెర మీదికి రాగానే ఒక సార్ ఆపేశారు.

"చచ్చిన ఎలుక మెదడమ్మా ఇది. దీన్ని చూసి సినాప్స్ ఎలా పనిచేస్తుందో చెబుతావా?"

"సార్, స్పైన్ సైజు..." (సంకేతం అందుకునే కణం మీద సన్నటి మెడ, ఉబ్బిన తలతో ఉండే చిన్న బుడిపె స్పైన్.)

"సైజు కాదు, పని అడిగాను."

వెనక వరుసలో నా జూనియర్లు. గొంతు పెగల్లేదు. మా గైడు ఫోన్ చూసుకుంటూ కూర్చున్నారు. అది నేను మర్చిపోను. గైడు ఆదుకుంటారని ఎవరూ నమ్ముకోకండి.

జవాబు నా ఫోటోలోనే ఉంది. రెండు కణాల మధ్య సందు దాదాపు 20 నానోమీటర్లు. అవతల, సంకేతం పంపే కణంలో, 40 నానోమీటర్ల చిన్న సంచుల నిండా గ్లూటమేట్ అనే సంకేత రసాయనం. ఇవతల పొర కింద నల్లటి మందపాటి పట్టీ, ఆ రసాయనాన్ని అందుకునే రిసెప్టర్లు గుచ్చుకుని ఉండేది అక్కడే. 1959లో గ్రే అనే శాస్త్రవేత్త ఈ పట్టీని చూసే సినాప్స్‌లను రెండు రకాలుగా విడదీశాడు. పట్టీ ఒకవైపే మందంగా ఉన్నవి ఎక్కువగా ఉత్తేజపరిచేవని, రెండువైపులా సమానంగా ఉన్నవి అణిచేవని తర్వాత తేలింది. స్పైన్ తల పెద్దదైతే పట్టీ వెడల్పు, గ్లూటమేట్‌ను అందుకునే ఆంపా రకం రిసెప్టర్లు ఎక్కువ, సంకేతం బలం. అవతల సంచులు కూడా దానికి తగ్గట్టే పెరుగుతాయని 1989లో హారిస్, స్టీవెన్స్ అనే శాస్త్రవేత్తలు మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్‌లో కొలిచి చూపించారు. చేసే పనిని బట్టే ఆకారం. దీన్ని ఆ రోజు చెప్పలేకపోయినందుకు ఏడ్చాను.

ఒక్క ఫోటో పట్టుకుని మాత్రం వెళ్లకండి. ఈసారి నేను వరస పొరలన్నీ పేర్చి, ఒక్కో స్పైన్ మొత్తం కట్టి, తల ఘనపరిమాణం, పట్టీ వైశాల్యం పక్కపక్కనే పెట్టాను.

ఆ సారే మళ్లీ అడిగారు: "మెడ సన్నగా ఉంటే ఏం లాభం?"

"కాల్షియం ఆ తలలోనే ఆగుతుంది సార్. పక్క సినాప్స్‌కు అంత తేలిగ్గా పాకదు."

ఆయన పెన్ను మూత తీశారు.